అడ్డగీత పెట్టిన చోటు

ఫిబ్రవరి 3

కొత్త డైరీ మొదలుపెట్టినప్పుడు ఉన్న స్థితిని ముందుగా రాసి ఉంచడం నా పద్ధతి.

ఇల్లు: నేను, అక్క. అక్క టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరయింది. చూపు బాగా మసకబారింది. ఆపరేషను వల్ల ప్రయోజనం లేదని డాక్టరు తేల్చి చెప్పాడు. అక్క గదిలో తూర్పు గోడకు చెమ్మ దిగింది. క్రిందటి వానలకు వీధిలో నిలిచిన నీరు గడప దాటి లోపలికి వచ్చింది. అంతకుముందెన్నడూ రాలేదు. కాలువ ఎక్కడో పూడుకుపోయి ఉండాలి. మునిసిపాలిటీకి రెండు అర్జీలు పెట్టాను.

ఆఫీసు: నీటి సర్వే శాఖ, రికార్డు గది. పాత భవనం ఖాళీ చేయవలసి ఉన్నందున కాగితం తగ్గించమని ఉత్తర్వు. అందులో నా వంతుకు వచ్చినవి పదకొండు ఫీల్డు పుస్తకాలు. నూరేళ్ళకు ముందెప్పుడో ఒక మనిషి నది ముఖద్వారం దగ్గర బయలుదేరి, గట్టు వెంట ఎగువకు నడిచి, మళ్ళీ అదే దారిన పడవలో దిగివస్తూ రాసుకున్నవి. మొదటి పుస్తకం అట్టనూ తొలి కాగితాలనూ చెదలు తినేసినందున ఆయన పేరు మిగలలేదు. మరెక్కడా ఆయన ఊసు లేదు. అక్క 'నీ బాటసారి' అంటుంది. నాకూ అదే అలవాటయింది.

రాత గొలుసుకట్టు. ఆ రాత చదవడం నాకెవరూ నేర్పలేదు. బైండింగు పనివాడిగా చేరిన కొత్తలో, చిరిగిన కాగితాలు అతికిస్తూ నా అంతట నేనే నేర్చుకున్నాను. ఈ శాఖలో ఇప్పుడది చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇది గొప్ప కోసం రాయడం లేదు. స్థితి మాత్రమే.

పని విధానం నేను ఏర్పరచినదే. పట్టికలో అయిదు గడులు: తేదీ, చోటు, వెడల్పు, లోతు, ప్రవాహ వేగం. ఒక పుస్తకంలోని అంకెలన్నీ పట్టికకెక్కాక 'సారం తీయబడినది' అనే చీటీ మీద సంతకం పెడతాను. చీటీ పడిన పుస్తకం కాగితపు మిల్లు లారీకి పోతుంది. గడుల్లో ఇమడనిదానికి నేను పెట్టుకున్న పేరు 'శేషం'. వంటవాడి అలక, కాళ్ళ పుండ్లు, జ్వరం, దోమలు, కట్టెలు దొరకలేదన్న ఏడుపు. శేషం రాయను. సాయంత్రం కాఫీ వేళ అక్కకు చదివి వినిపిస్తాను. ఆమెకు కాలక్షేపం.

నేటికి మూడు పుస్తకాలు పూర్తి.

ఫిబ్రవరి 4

తలనొప్పి. వరుసలు తక్కువ.

ఫిబ్రవరి 9

నాలుగవ పుస్తకం. బాటసారి మన ఊరి దక్షిణపు పల్లానికి చేరుకున్నాడు. ఇప్పుడు కొత్త కాలనీ కోసం లారీలతో మట్టి తోలుతున్నది అక్కడే.

రెండు పుటల నిండా రాసి ఒక్క అంకె కూడా వేయలేదు. కొలకర్ర బురదలో దించాడట. దిగుతూనే ఉన్నదట. ఇద్దరు మనుషులు పట్టి లాగినా పైకి రాలేదట. అది మామగారు కానుకగా ఇచ్చిన కర్ర. లాగబోయి ఈయన వెల్లకిలా పడితే వంటవాడు నవ్వాడు. వాడి మీద అరపుట తిట్లు. తరువాత జమ్ము మనిషి నెత్తిని మించి ఉందనీ, కొంగలు లేస్తే మబ్బు పట్టినట్టయిందనీ, రాత్రంతా కప్పల గోలకు కన్ను మూతపడలేదనీ.

గడుల్లో ఏం వేయాలన్నది కొంతసేపు ఆలోచించాను. వెడల్పు 'కనుచూపు మేర' అన్నాడు. అది అంకె కాదు. లోతు తేలలేదు. ప్రవాహం లేదు. మూడు గడుల్లోనూ అడ్డగీత పెట్టాను. ముప్ఫై ఒకటో వరుస. పట్టిక శుభ్రంగా ఉన్నది.

అక్క నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నది. "మామగారిచ్చిన కర్రా? పోనీలేరా, ఏ ఊరెళ్ళినా వెంట మామగారొచ్చినట్టుండేది, పీడా వదిలింది" అన్నది. మళ్ళీ ఒకసారి చదివించుకున్నది.

ఫిబ్రవరి 12

చెమ్మ ఎంతవరకు ఎక్కిందో గోడ మీద పెన్సిలుతో గుర్తు పెట్టాను. జానెడు.

ఫిబ్రవరి 17

లారీ వచ్చింది. ఏడు పుస్తకాలకు చీటీలు పెట్టి ఉంచాను. ఏడూ వెళ్ళాయి. నేను మెట్ల మీద నిలబడి ఉండడం చూసి డ్రైవరు, "ఏం మాస్టారూ, పిల్లని అత్తారింటికి పంపుతున్నట్టు మొహం పెట్టారు" అన్నాడు. అటువంటిదేమీ లేదని చెప్పాను. బీరువాలో ఒక అర ఖాళీ అయింది. తడిగుడ్డతో తుడిచాను. తేలికగా అనిపించింది.

అలసట. ఎందుకో తెలియదు.

ఫిబ్రవరి 25

ఆఫీసరు నన్ను తన గదికి పిలిపించాడు. వయసులో నాకంటె చాలా చిన్నవాడు. మర్యాద తెలిసినవాడు. అందరిలాగే నన్ను 'పట్టికల మాస్టారు' అంటాడు గాని అందులో వెటకారం ఉండదు. మొదటి ఏడు పుస్తకాల పట్టికలు పట్టణ ప్రణాళికా శాఖ వారు అడిగి తీసుకున్నారట. "ఇది చూశాక ఆ బూజుపట్టిన పుస్తకం ఇంకెవడికి కావాలండీ మాస్టారూ" అన్నాడు.

ఈ మాట ఇక్కడ రాసుకోవడం అనవసరం. అయినా రాశాను.

మార్చి 4

ఒక పరిశోధకురాలు వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఎండలో నడిచి వచ్చినందున మొహమంతా వాడిపోయి ఉంది. పాత ప్రయాణికుల రాతల నుంచి ఒక ప్రాంతపు నీరు, అడవి, జంతుజాలం ఎలా మారాయో తేల్చడం ఆమె పని. అదొక చరిత్ర శాఖ అన్న సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. రాజులు లేని చరిత్ర అని నవ్వింది.

ఆమెకు కుర్చీ వేసి పట్టికలు చూపాను. చాలా శ్రద్ధగా చూసింది. గడుల ఏర్పాటు బాగుందన్నది. తరువాత కట్టెల సంగతి ఏమైనా రాశాడా అని అడిగింది. రాశాడు, రోజూ అదే ఏడుపు అన్నాను. ఏ మజిలీలో కట్టెల కోసం మనుషులు ఎంత దూరం వెళ్ళారో తెలిస్తే, అడవి ఎక్కడ ఆగిపోయిందో గీసి చూపించవచ్చునన్నది. దోమల గురించి? రాశాడు. దోమలు ఎక్కడ మొదలై ఎక్కడ తగ్గాయో చూస్తే నిలవనీరు ఎక్కడుండేదో తెలుస్తుందన్నది. కొంగలు? కప్పలు? జ్వరాలు?

ప్రతిదానికీ రాశాడనే చెప్పాను. చెబుతున్నకొద్దీ నా గొంతు చిన్నదవుతున్నట్టు నాకే వినిపించింది.

"అంకెలు చాలామంది రాశారు సార్" అన్నది ఆమె. "ఇంత వివరంగా విసుక్కున్న మనిషి నాకు ఈయనొక్కడే దొరికాడు. ఒకసారి పుస్తకాలు చూడనిస్తారా?"

నాలుగే ఉన్నాయని చెప్పాను. ఎనిమిది నుంచి పదకొండు వరకు. మిగతావి?

సారం తీయబడినదని చెప్పాను.

ఆమె సీసాలోని నీళ్ళు తాగి, మూత బిగించి, మళ్ళీ వస్తానని వెళ్ళింది.

మార్చి 5

ఇందులో నా తప్పేమీ లేదు. ఉత్తర్వు నాది కాదు.

మార్చి 6

గడులు మాత్రం నావి.

మార్చి 9

ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి కుర్చీలో కూర్చోలేదు. ప్రణాళికా శాఖ వారి నివేదిక తెచ్చి నా బల్ల మీద పెట్టి, వేలితో ఒక చోటు చూపింది.

దక్షిణపు పల్లంలో కాలనీ కట్టకూడదని ఆ చుట్టుపక్కల వారు వేసిన పిటిషను మీద విచారణ జరుగుతున్నదట. పల్లం పూడిస్తే వాననీరు పోయే దారి లేక దిగువ వీధులు మునుగుతున్నాయని వారి వాదన. దిగువ వీధుల జాబితాలో మా వీధి ఉన్నది. నివేదిక చెప్పేదేమంటే, ఆ పల్లం ఏనాడూ నీటి చోటు కాదు, వానకు తాత్కాలికంగా నీరు నిలిచే మామూలు మెట్ట పొలమే. ఆధారం: నీటి సర్వే శాఖ పట్టిక, ముప్ఫై ఒకటో వరుస. వెడల్పు అడ్డగీత, లోతు అడ్డగీత, ప్రవాహం అడ్డగీత. 'అనగా అచ్చట నీరు లేదని స్పష్టము.'

లోతు అందక కర్ర పోగొట్టుకున్నాడు ఆ మనిషి. నేను దానిని ఎండబెట్టాను.

"మీరు చదివారు కదా సార్" అన్నది ఆమె. "మీకు గుర్తుందా?"

ఉన్నదన్నాను. అయితే గుర్తున్నదంతా సారాంశమే. కర్ర పోయింది, నీరు ఉంది. ఆయన మాటలు ఆయన మాటలుగా ఒక్కటీ రాలేదు. నేను చదివేటప్పుడే జల్లెడ పట్టేవాణ్ణి. జల్లెడలో మిగిలినది కాగితం మీదికెక్కాక ఇంక దేనినీ దాచుకోను.

మార్చి 10

ఆఫీసరుకు విషయం విన్నవించి, ఆ వరుసను సవరించి పంపుదామని అడిగాను. ఆయన తలుపు దగ్గరకు వేశాడు. శాఖ ఒకసారి పంపిన పట్టికను శాఖే తప్పంటే మిగతా వరుసలన్నిటికీ లెక్క చెప్పమంటారని వివరించాడు. అది నిజమే. సవరణకు మూలం చూపమంటే ఏం చూపుతారని అడిగాడు. అదీ నిజమే.

"మీరు మంచికే చెబుతున్నారు మాస్టారూ, కాదనను. కానీ పుస్తకం మీ సంతకంతో పోయింది, అడ్డగీత మీ చేత్తో పడింది. రేపు నలుగురిలో నిలబడి ఏమంటారు? నేను సరిగ్గా రాయలేదంటారా?"

ఆయన టీ తెప్పించాడు. తాగాను.

మార్చి 11

సెలవు పెట్టి కాగితపు మిల్లుకు వెళ్ళాను. ఊరి చివరి దాకా బస్సు, అక్కడి నుంచి నడక. తూకం దగ్గరి మనిషి నా మాట విని జాలిపడి లోపలికి తీసుకువెళ్ళి చూపించాడు. పెద్ద తొట్టి. అందులో అంబలి వంటి బూడిదరంగు గుజ్జు మెల్లగా తిరుగుతూ ఉన్నది. సర్వే ఆఫీసు సరుకు వచ్చిన వారంలోనే ఇందులో పడిందన్నాడు. ఇప్పుడు గుడ్ల అట్టలై ఎక్కడెక్కడికో పోయి ఉంటాయట.

తిరుగుబస్సులో నిద్రపోయి, దిగవలసిన చోటు దాటిపోయాను.

మార్చి 13

అక్కకు ఇంతవరకు చెప్పలేదు. ఈ ఉదయం గోడ తడిమి, "ఒరేయ్, నీ పెన్సిలు గుర్తు దాటి పైకొచ్చిందిరా తడి" అన్నది. వానలు లేని రోజుల్లో కూడా ఎక్కుతున్నది. అప్పుడు కూర్చుని మొత్తం చెప్పాను. పల్లం సంగతి, నివేదిక, గీత, మిల్లు తొట్టి.

తిడుతుందనుకున్నాను. "ఏదీ, ఆ కర్ర పోయిన రోజు? నాకుంది కదరా" అన్నది.

ఏమున్నదని అడిగాను.

"కర్ర నా కంటె బరువైనవాడి చేతిలోకి వెళ్ళినట్టుగా వెళ్ళింది, అన్నాడు. నువ్వు చదివావు. నేను రెండోసారి చదవమన్నాను. ఇంకా ఏదో ఉంది. ఆగు. మామగారికి ఏమని రాయను, మీ కర్రను నేల అడిగి తీసుకుంది అని రాయనా, అన్నాడు."

ఆ వాక్యం నా కళ్ళ ముందు నుంచి వెళ్ళింది. నా నోటి నుంచి వెళ్ళింది. నా దగ్గర లేదు.

ఆనాటి ఫోను నంబర్లన్నీ మర్చిపోయిందట గాని, చెవిలో పడిన మాట పోదట. ఎక్స్ఛేంజిలో ఉన్నన్నాళ్ళూ లోకం మాటలన్నీ తన చెవిలోంచే వెళ్ళాయని అంటుంది.

కాగితాలు తెచ్చి ఆమె చెబుతూ ఉంటే రాశాను. క్రమం లేదు. వంటవాడి అలక ఏ పుస్తకంలోదో తెలియలేదు. కొంగల మబ్బు ముందో కప్పల గోల ముందో తేల్చలేకపోయింది. ఒక చోట బాటసారి మాట మధ్యలో పక్కింటావిడ మాట కలిసిపోయిందని నాకు గట్టి అనుమానం. ఆ మాటే అంటే, "నువ్వు అంత శుద్ధంగా రాసి ఏం ఉద్ధరించావురా, ఇలాగే రాసుకో" అన్నది.

రాశాను. మూడు కాగితాలు. పైన 'అక్క చెప్పగా' అని వేశాను.

మార్చి 16

మిగిలిన నాలుగు పుస్తకాలను మొదటి నుంచి చదువుతున్నాను. ఈసారి గడులు గీయలేదు. అలవాటు లేని పని. ప్రతి వాక్యం దగ్గరా చెయ్యి అంకె కోసం వెతుకుతున్నది.

ఆయన కూడా అలసిపోయాడు. తొమ్మిదవ పుస్తకం నుంచి వాక్యాలు చిన్నవయ్యాయి.

మార్చి 17

కళ్ళ మంట. అక్క వంట చేసింది. ఉప్పు రెండుసార్లు వేసింది. తిన్నాను.

మార్చి 20

దొరికింది. పదవ పుస్తకం, తిరుగు ప్రయాణం. మూడు వాక్యాలు, ఉన్నవి ఉన్నట్టుగా:

'కర్ర పోయిన చోటు దాటాము. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా పడవ జమ్ములోనే. మళ్ళీ కప్పలు, మళ్ళీ నిద్ర లేదు.'

తేదీ చూశాను. నడివేసవి. చినుకు పడని కాలం. ఆ ఎండల్లో ఒక పూటంతా పడవ నడిచిన చోటు అది.

ఇందులో ఒక్క అంకె లేదు. నెల క్రితం ఈ పుట నా చేతికి వచ్చి ఉంటే దీనికి వరుస కూడా కేటాయించి ఉండేవాణ్ణి కాను.

పరిశోధకురాలికి ఫోను చేశాను. ఆ మూడు వాక్యాలూ చదివి వినిపించాను. తరువాత ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. జలుబు అన్నది.

మార్చి 27

విచారణ. పొడుగాటి గది, చప్పుడు చేసే ఫ్యానులు. నేను వెళ్ళకూడదని ఆఫీసరు చెప్పలేదు. వెళ్ళమనీ చెప్పలేదు. సెలవు చీటీ మీద మాత్రం సంతకం పెట్టాడు.

కాలనీ కట్టే సంస్థ వకీలు పెద్దమనిషి. కంఠస్వరం ఇంపుగా ఉన్నది. ఆ పట్టిక రాసింది నేనేనా అని అడిగాడు. నేనేనన్నాను. పొరపాట్లు లేకుండా రాస్తారని నాకు పేరున్నది కదా అన్నాడు. ఉన్నదన్నాను. మరి ఈ అడ్డగీతకు అర్థం ఏమిటన్నాడు.

"ఆయన కొలవలేకపోయాడని. నీరు లేకపోతే సున్నా వేసేవాణ్ణి" అన్నాను.

అది నివేదిక రాసినవారికి ఎలా తెలుస్తుందని అడిగాడు. తెలియదన్నాను. మూల పుస్తకం ఎక్కడున్నదన్నాడు. లేదు, నా సంతకంతోనే మిల్లుకు వెళ్ళిందన్నాను. గదిలో కాస్త కదలిక వచ్చింది. అక్క చెప్పగా రాసిన మూడు కాగితాలు అందించాను. చూపు లేని ఒకామె ఎప్పుడో కాఫీ తాగుతూ విన్న మాటలా అని ఆయన మృదువుగానే అడిగాడు. విచారణ కమిటీ అధ్యక్షురాలు వాటిని పక్కన పెట్టింది. పదవ పుస్తకం మాత్రం తీసుకుని, పరిశోధకురాలి చేత ఆ మూడు వాక్యాలూ తేదీతో సహా చదివించింది.

"కప్పలు అరిస్తే చెరువైపోతుందాండీ?" అన్నాడు వకీలు. కొందరు నవ్వారు.

"మెట్ట పొలంలో పడవ నడవదు కదండీ" అన్నది అధ్యక్షురాలు. ఆమె నవ్వలేదు. తరువాత నా వైపు తిరిగి, "చూసింది మీరు, చెరిపిందీ మీరే. ఇప్పుడు మీ మాట మేము ఎంతవరకు నమ్మాలి?" అన్నది.

నా మాట నమ్మనక్కరలేదనీ, మిగిలిన నాలుగు పుస్తకాలను నమ్మితే చాలుననీ చెప్పాను. ఇంతకంటె బాగా చెప్పవలసింది.

ఉత్తర్వు: నేలను తొలిచి అడుగుమట్టి పరీక్షించే వరకు పల్లంలో మట్టి తోలడం ఆపివేయాలి. అప్పటికే సగానికి పైగా పూడ్చారు. పూడ్చినది తీయమని ఎవరూ అనలేదు.

మార్చి 29

పట్టికల బల్ల నుంచి నన్ను తప్పించి, భవనం మారే సామాను లెక్కకు వేశారు. కుర్చీలు, బీరువాలు, ఫ్యానులు. పదవ పుస్తకం కమిటీ దగ్గరే ఉన్నది. మిగతా మూడింటికి చీటీలు బల్ల మీద పెట్టి, సంతకం పెట్టమని ఆఫీసరు అడిగాడు. పెట్టనన్నాను. కారణం రాయడానికి చీటీలో గడి లేదు. వెనుకవైపు రాశాను: 'సారం తీయడం నా వల్ల కాలేదు.'

ఆయన చదివి, బీరువాకు తాళం వేసి తాళంచెవి నా ముందు పెట్టాడు. మంచివాడో అలసిపోయినవాడో తెలియలేదు.

ఏప్రిల్ 2

ఆదివారం. అక్క పట్టుబట్టింది. వద్దన్నాను, ఎండ అన్నాను. "నీ బాటసారిని నువ్వొక్కడివే చూసుకుంటావా, నాకు చూపించవా" అన్నది. మధ్యాహ్నం భోజనమయ్యాక బస్సులో వెళ్ళాం.

పూడ్చిన మేర గట్టిగా, ఎర్రగా ఉన్నది. లారీ చక్రాల జాడలు ఎండి గాడులు పడ్డాయి. చెయ్యి పట్టుకుని దాటించాను. ఆ చివర, మట్టి తోలడం ఆగిన చోట నేల రంగు మారింది. అవతల కొద్దిమేర జమ్ము మిగిలి ఉన్నది. నెత్తిని మించి కాదు, నా భుజం దాకా. కొంగలు నాలుగు. మబ్బు పట్టలేదు.

అక్క కదలకుండా నిలబడింది. ఎక్స్ఛేంజిలో హెడ్‌ఫోను పెట్టుకున్నప్పుడు ఆమె మొహం ఇలాగే ఉండేదేమో.

"ఉన్నాయిరా" అన్నది.

ఏమిటని అడిగాను.

"నీ బాటసారిని పడుకోనివ్వనివి."

నాకు వినబడలేదు. కొంతసేపటికి వినబడ్డాయి. ఒకటి, తరువాత అటువైపు మరొకటి.

ఇంకొక అడుగు ముందుకు వేస్తానన్నది. వద్దన్నాను. వేసింది. చేతికర్ర దించింది, అది పిడి దాకా దిగింది. కర్రతోపాటు ఎడమ కాలు పిక్క దాకా దిగింది. నడుము పట్టుకుని వెనక్కు లాగాను. ఇద్దరం కూలబడ్డాం. నాకు నవ్వు వచ్చింది. ఎన్నాళ్ళకు వచ్చిందో రాసి ఉంచలేదు. వంటవాడిలా నవ్వుతున్నావేమిరా అని ఆమె వీపు మీద ఒకటి వేసింది.

చోటు: కర్ర పోయిన చోటు.

వెడల్పు: మిగిలినంత.

లోతు: అందలేదు. చేతికర్ర వచ్చింది. అక్క ఎడమ కాలి చెప్పు రాలేదు.

ప్రవాహం: లేదు. కప్పలు ఉన్నాయి.

శేషం: ఒంటి చెప్పుతో బస్సెక్కినందుకు ఇంటికి చేరే దాకా అక్క నన్ను తిట్టిన తిట్లు. ఒక్కటి కూడా వదలకుండా ఈ కింద రాస్తున్నాను.